విప్పి బిగించిన ఇంజన్, పెట్టెలో వచ్చిన ఇంజన్

కారు ఇంజన్ శక్తి చాలనప్పుడు దాన్ని విప్పి పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్‌షాఫ్ట్ వంటి లోపలి భాగాలను మార్చి బిగించుకోవడం ఒక పద్ధతి కాగా, ఆ పనంతా ముందే పూర్తయిన ఇంజన్‌ను కొనుక్కోవడం మరొకటి. కొయ్యపెట్టెలో వచ్చేది కాబట్టి అమెరికాలో ఈ రెండో దానికి క్రేట్ ఇంజన్ అనే పేరు స్థిరపడింది. ఒకదానికొకటి పోటీగా కనిపించే ఈ మార్గాల్లో రెండోది మొదటిదాని కడుపునే పుట్టిందని అమెరికన్ వీ-8 చరిత్ర తెలుపుతుంది.

1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యులకు అందే ధరలో 221 ఘనపు అంగుళాల, 65 అశ్వశక్తి గల వీ-8ను తెచ్చింది. వాల్వులు సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉండి, పై మూత చదునుగా ఉండడం వల్ల ఫ్లాట్‌హెడ్ అనిపించుకున్న ఈ ఇంజన్‌ను దక్షిణ కాలిఫోర్నియా యువకులు విప్పి, మార్చి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మీద వేగం పరీక్షించుకునేవారు. ఎడెల్‌బ్రాక్, ఇస్కెండేరియన్ వంటి పేర్లు వారికి కావలసిన విడిభాగాల ద్వారానే ప్రసిద్ధికెక్కాయి. అయితే వేడి పొగ బ్లాకు గుండానే బయటికి పోవడం వల్ల ఇంజన్ కాగిపోయేది. లోపల ఎన్ని భాగాలు మార్చినా ఆ నిర్మాణదోషం తొలగేది కాదు.

జనరల్ మోటార్స్‌లో కొత్తగా చేరిన జోరా ఆర్కస్-డంటోవ్ 1953 డిసెంబరులో పై అధికారులకు రాసిన లేఖ ఈ చరిత్రలో కీలకమైనది. యువత ఫోర్డ్ ఇంజన్ల చుట్టూ చేరడానికి వాటికి దొరికే విడిభాగాలే కారణమని, తమ కంపెనీ విభాగమైన షెవర్లే కూడా అటువంటి భాగాలను స్వయంగా తయారుచేసి అందించాలని ఆయన వాదించారు. 1955లో 265 ఘనపు అంగుళాలతో వచ్చిన షెవర్లే చిన్న వీ-8కు ఆ దారి బాగా కలిసివచ్చింది.

ఔత్సాహికుల చేతుల్లో ఆ ఇంజన్ తీసుకున్న రూపాల్లో 383 ఘనపు అంగుళాలది ప్రత్యేకంగా పరిశీలించదగినది. 350 ఇంజన్ బ్లాకులో 1970 నాటి 400 ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్‌ను అమర్చితే పిస్టన్ నడిచే దూరం, అంటే స్ట్రోక్, 3.48 నుంచి 3.75 అంగుళాలకు పెరుగుతుంది, సిలిండర్ వ్యాసాన్ని, అంటే బోరును, 0.030 అంగుళం పెంచితే 383 లెక్క కుదురుతుంది. కానీ 400 క్రాంకుకు బేరింగులో తిరిగే మెడ 2.65 అంగుళాలు ఉండగా 350 బ్లాకులో 2.45 మాత్రమే పడుతుంది కనుక దాన్ని గ్రైండింగ్ చేయించాలి, రాడ్లు తగిలే చోట బ్లాకును అరగదీయాలి, తిరిగే బరువులను బ్యాలెన్స్ చేయించాలి, బేరింగుకూ మెడకూ మధ్య నూనెపొర నిలిచే సందును అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన కొలవాలి. ఖరీదైన పిస్టన్లు కొంటే పని అయిపోయిందనుకోవడం ఈ విద్యను తక్కువ చేయడమే. పోత పిస్టన్ కంటే గట్టిదైన ఫోర్జింగ్ పిస్టన్ సాధారణంగా వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి, దానికి తగిన సందు ఇవ్వకపోతే సిలిండర్‌లో పట్టేస్తుంది.

గ్యారేజీల్లో పుట్టిన ఈ 383 కూర్పునే తర్వాత జనరల్ మోటార్స్ క్రేట్ ఇంజన్‌గా అమ్మింది. కొనుగోలుదారు చెల్లించే సొమ్ములో లోహం విలువతో పాటు కొలతల బాధ్యతను మరొకరు తీసుకున్నందుకు ఇచ్చే విలువ కూడా ఉంటుంది. 1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్1 తరం నాటికి ఇంధనాన్నీ నిప్పురవ్వనూ కంప్యూటరే నడిపిస్తున్నందువల్ల, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను మారిస్తే ప్రోగ్రామునూ సవరించవలసి వచ్చింది. ఉద్గారాల చట్టాలూ బిగుసుకున్నాయి. అందుకే కాలిఫోర్నియా అనుమతి పొందిన ఈ-రాడ్ వంటి సెట్లలో ఇంజన్‌తో పాటు నియంత్రణ పరికరాలు, పొగను శుద్ధిచేసే భాగాలు కూడా చేర్చారు. 2017లో డాడ్జ్ 707 అశ్వశక్తి గల హెల్‌క్రేట్ అనే క్రేట్ ఇంజన్‌ను ప్రకటించిన తర్వాత, అంత శక్తిని పాత బ్లాకు నుంచి పిండే ప్రయత్నానికి ఖర్చు దృష్ట్యా సమర్థన చాలావరకు తగ్గింది.

అయినా పాత బ్లాకును విప్పే పని ఆగలేదు. కారుతో పుట్టిన ఇంజనే అందులో ఉండాలని పట్టుబట్టే సేకర్తలకు షెవర్లే బ్లాకు ముందుభాగంలో, కుడి హెడ్ అంచున చెక్కిన అంకెలే సాక్ష్యం. బ్లాకు పైతలాన్ని మిషన్ మీద సాపు చేసేటప్పుడు ఆ అంకెలు చెరిగిపోయే ప్రమాదం ఉన్నందున, నేర్పుగల పనివారు ఆ చిన్న మూలను కత్తికి తగలకుండా కాపాడతారు.