పంటికి టోపీ

మధురానగర్, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు తిరిగేవాళ్ళకి తెలిసిందే, ఇక్కడ సినిమా ఆశతో వచ్చి అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళు ఎక్కువ. పళ్ళ క్లినిక్కుల బోర్డులూ తక్కువేం కాదు. 'స్మైల్ డిజైన్' అనే మాట ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనాల్లోకి కూడా వచ్చేసింది. పెళ్ళి కుదరగానే గట్టి పళ్ళకి కూడా క్యాపులు వేయించుకునేవాళ్ళని చూస్తున్నాను. నేను పళ్ళ డాక్టర్ని కాదు, కోడు రాసుకు బతికేవాణ్ణి. కానీ ఒక టెక్నాలజీ ఏ అవసరం కోసం పుట్టిందో తెలుసుకుంటే, దాన్ని ఎక్కడ వాడకూడదో కూడా తెలుస్తుంది కదా. అందుకే ఈ కాస్త చరిత్ర.

ఇటలీలో ఎట్రుస్కన్లు క్రీస్తు పూర్వం 7వ శతాబ్దం నాటికే బంగారు రేకు పట్టీలతో, ఊడిన పన్ను చోట ఇంకో పన్ను పెట్టి పక్క పళ్ళకి బిగించేవారు. ఇప్పటి బ్రిడ్జికి ముత్తాత అదే. 1728లో ఫ్రాన్సులో పియెర్ ఫోషార్ పళ్ళ వైద్యం మీద పెద్ద పుస్తకం రాసి, అంతవరకూ గుట్టుగా సాగిన చేతిపనిని శాస్త్రంగా నిలబెట్టాడు. పింగాణీ క్యాపుని ప్రాచుర్యంలోకి తెచ్చింది అమెరికాలో చార్లెస్ లాండ్, 20వ శతాబ్దం మొదట్లో. అన్నట్టు, అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా విమానం నడిపిన లిండ్‌బర్గ్ ఈయన మనవడే.

1907లో విలియం టాగర్ట్ మైనంతో అచ్చు చేసి, దాన్ని కరిగించి, ఆ ఖాళీలో బంగారం పోసే పద్ధతిని దంతవైద్యంలోకి తెచ్చాడు. మన ఆదిలాబాద్ డోక్రా కళాకారులు ఇత్తడి బొమ్మలు పోసేదీ ఈ సూత్రంతోనే! 1960లలో లోహం మీద పింగాణీ కరిగించి అతికించిన క్యాపులొచ్చాయి. 1985లో జ్యూరిక్‌లో మోర్మాన్ అనే దంతవైద్యుడు, బ్రాండెస్టిని అనే ఇంజనీరు కలిసి, కెమెరాతో పన్ను కొలిచి కంప్యూటరు సాయంతో పింగాణీని చెక్కే యంత్రాన్ని వాడకంలోకి తెచ్చారు. మనవాళ్ళ చెయ్యి అక్కడ పడిందన్నమాట :)

ఇన్ని శతాబ్దాలూ వీళ్ళంతా కుస్తీ పట్టింది పాడైన పన్నుతో, లేదా లేని పన్నుతో. మరి అందం కోసం పళ్ళకి తొడుగు ఎక్కడ మొదలైందంటే, సినిమాలోనే. 1930ల హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్ళ మీద పల్చటి తొడుగులు తాత్కాలికంగా అతికించేవాడు. షూటింగ్ అయ్యాక తీసేసేవారు, కింద సొంత పళ్ళు అలాగే ఉండేవి. మేకప్ లాంటిదే.

ఇప్పుడు మనం చేయించుకునే పూర్తి క్యాపు అలా కాదు. పన్నుని చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు అరగదీయాలి. పైకి కనబడే పన్నులో దాదాపు మూడింట రెండు వంతులు పోవచ్చు. ఎనామెల్ మళ్ళీ పుట్టదు. రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్ అన్నమాట. పైగా క్యాపు జీవితాంతం ఉండదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి. బ్రిడ్జి అయితే ఒక పన్ను కోసం అటూ ఇటూ రెండు పళ్ళని అరగదీస్తారు.

ఇంకో వైపు చూడండి. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి పరిశోధకులు రాశారు. ఆ తర్వాత నల్గొండ పేరే ఆ జబ్బుకి గుర్తుగా మారింది. గోధుమరంగు మచ్చలు పడి, పెచ్చులూడిన పళ్ళతో నవ్వడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళకి ఈ తొడుగులు నిజంగా అవసరం. రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకీ అంతే, క్యాపు లేకపోతే విరిగిపోవచ్చు. 1959లో మొదలైన హైదరాబాదు ప్రభుత్వ దంత కళాశాల లాంటివి ఉన్నది ముఖ్యంగా ఇలాంటి జనం కోసమే.

కాబట్టి కుర్చీలో కూర్చునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఎంత అరగదీస్తారు? అరగదీయకుండా, అంటే శుభ్రం చేయించడమో, తెల్లబరచడమో, క్లిప్పులో పెట్టి పని అవ్వదా? సూటిగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే వదలొద్దు. నీళ్ళు నమిలితే మాత్రం, ఆ టోపీ పెట్టేది పంటికి కాదు, మనకే.