ప్రశ్న అడిగే కుర్చీ, జవాబు చెప్పే కుర్చీ: తెలుగు క్రీడా ప్రసారాల్లో స్త్రీల వృత్తి మార్గం, విశ్వసనీయత

తెలుగు క్రీడా ప్రసారాల్లో స్త్రీలు కనబడటం లేదని ఇప్పుడు అనలేం. 2018 డిసెంబర్‌లో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు మొదలయ్యాక ఐపీఎల్, ప్రో కబడ్డీ కార్యక్రమాల ద్వారా వింధ్య విశాఖ వంటి యాంకర్లు ఇంటింటికీ పరిచయమయ్యారు. అయితే ఆ చర్చల్లో ఎవరి పని ఏమిటో గమనిస్తే ఒక పంపకం కనిపిస్తుంది. ప్రశ్న అడిగేది ఎక్కువగా స్త్రీ, జవాబు చెప్పేది పురుషుడు. బంతి బంతికీ ఆట చెప్పే కామెంటరీ దగ్గరికి వచ్చేసరికి సి. వెంకటేష్, వేణుగోపాల్ రావు, ఎమ్మెస్కే ప్రసాద్ వంటి పేర్లే ప్రేక్షకుల నోట వినిపిస్తాయి. ఈ పంపకానికి కారణం స్త్రీ గొంతులోనూ లేదు, ఆమె పరిజ్ఞానంలోనూ లేదు, మైకు దగ్గరికి చేరే దారుల సంఖ్యలో ఉందన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఇందుకు మూడు జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఆ తర్వాత ఆగ్నేయ హైదరాబాద్‌లోని బాలాపూర్ నుంచి చూస్తే ఆ దారి ఎంత దూరమో పరిశీలిస్తాను.

మొదటిది చంద్రా నాయుడు జీవితం. భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు కుమార్తె ఆమె. తెలుగు మూలాలున్న ఆ కుటుంబం నాగపూర్ మీదుగా ఇండోర్ చేరింది. 1977లో ఇండోర్‌లో బొంబాయి జట్టుకూ ఎంసీసీకీ జరిగిన మ్యాచ్‌కు ఆమె వ్యాఖ్యానం చెప్పారు. దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా ఆమెను గుర్తుచేసుకునేది అందుకే. కానీ ఆమెకు బతుకుతెరువు ఇచ్చింది మైకు కాదు, కళాశాలలో ఇంగ్లిష్ పాఠం. 2021 ఏప్రిల్‌లో 88 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. అంత పేరున్న ఇంట్లో పుట్టి, చదువూ భాషా ఆటపై పట్టూ అన్నీ ఉన్న మనిషికి కూడా వ్యాఖ్యానం ఒక వృత్తిగా స్థిరపడలేదన్నది మనం ఆగి ఆలోచించాల్సిన విషయం.

రెండో జీవితం హర్షా భోగ్లేది. 1961లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, ఆ విశ్వవిద్యాలయం తరఫున రోహింటన్ బారియా ట్రోఫీ ఆడారు. స్థానిక లీగుల్లో ఎ డివిజన్ క్రికెట్ ఆడారు. రంజీ ఆడలేదు, దేశానికి ఆడలేదు. అయినా పందొమ్మిదేళ్ల వయసులోనే హైదరాబాద్ ఆకాశవాణి ఆయన చేతికి మైకు ఇచ్చింది. 1991-92లో ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఏబీసీ ఆయన్ను ఆ దేశానికి పిలిపించుకుంది. ఆయన ప్రతిభ గురించి నాకు ఎలాంటి సందేహమూ లేదు. నేను చూపదలచింది ఒక్కటే. విశ్వవిద్యాలయ స్థాయి ఆట, ఆటపై ప్రేమ, మాటలో స్పష్టత ఉంటే చాలు, ఆ కుర్రవాడి మీద ఒక సంస్థ నమ్మకం పెట్టింది. తప్పులు చేస్తూ నేర్చుకునే వెసులుబాటు ఇచ్చింది.

మూడో జీవితం సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్‌ది. 1999లో తొలి వన్డేలోనే శతకం. 2002లో టాంటన్ టెస్టులో 214. 2005లోనూ 2017లోనూ జట్టును ప్రపంచకప్ ఫైనల్‌కు నడిపించిన కెప్టెన్. 2022 జూన్‌లో ఆట మానేసేనాటికి 232 వన్డేలు, 7,805 పరుగులు. ఆ తర్వాత 2025 ప్రపంచకప్‌లో కామెంటరీ బాక్సులో ఆమె గొంతు విన్నాం. ‘ఈమెకేం తెలుసు’ అని అడిగే ధైర్యం ఇక ఎవరికి ఉంటుంది? కానీ ఆ ప్రశ్న రాకుండా ఉండటానికి చెల్లించిన మూల్యం చూడండి. ఒకే నగరంలో ఒకరికి ఉస్మానియా మైదానం సరిపోయింది, మరొకరికి ఇరవై మూడేళ్ల అంతర్జాతీయ క్రికెట్ కావలసి వచ్చింది.

2015 ఐపీఎల్ వ్యాఖ్యాతల బృందంలోకి వచ్చిన అంజుమ్ చోప్రా, ఇసా గుహ, లీసా స్థాలేకర్, మెల్ జోన్స్ నలుగురూ తమ తమ దేశాలకు ఆడినవాళ్లే. అంటే పురుషుడికి రెండు ద్వారాలున్నాయి: ఆడి రావడం, లేదా ఆటను చదువుకుని, రాసి, మాట్లాడి రావడం. స్త్రీకి తెరుచుకుంటున్నది మొదటిది మాత్రమే.

గొంతు విషయానికి వద్దాం. 2012లో క్లాఫ్‌స్టాడ్, ఆండర్సన్, పీటర్స్ అనే పరిశోధకులు ఒకే వాక్యాన్ని పలికిన గొంతులను సాంకేతికంగా మంద్రంగానూ కీచుగానూ మార్చి వినిపించారు. నాయకత్వానికి మంద్రస్వరాన్నే ఎక్కువమంది ఎంచుకున్నారు. ఈ మొగ్గు నిజమే. అయితే తెలుగు చెవికి ఇంకో చరిత్ర కూడా ఉంది. జోలెపాళెం మంగమ్మ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివితే యుద్ధవార్తనైనా జనం నమ్మారు. న్యాయపతి కామేశ్వరి ‘రేడియో అక్కయ్య’గా పిల్లలకు ఇంటి మనిషి అయ్యారు. వార్తలో నమ్మిన గొంతును స్కోరులో నమ్మకపోవడానికి స్వరశాస్త్రం కారణం కాలేదు. సిక్సర్ పడ్డప్పుడు ఏ వ్యాఖ్యాత గొంతైనా పైకి లేస్తుంది. పురుషుడిదైతే దాన్ని ఉత్సాహం అంటాం, స్త్రీదైతే అరుపు అంటాం. పేరు తప్పు పలికితే ఆయన పొరబడ్డారంటాం, ఆమెకు తెలియదంటాం.

2003 ప్రపంచకప్‌లో యాంకర్ మందిరా బేడీ అనుభవం ఇదే. ఆమె అడిగిన ప్రశ్నల కంటే కట్టిన చీరల గురించి ఎక్కువ మాట్లాడుకున్నారు. తన ప్రశ్నలకు పక్కనున్న మాజీ ఆటగాళ్లు ఎలా చూసేవారో ఆమే తర్వాత చెప్పుకున్నారు. నిజానికి యాంకర్ పని చిన్నదేమీ కాదు. చెవిలోని ఇయర్‌పీస్‌లో దర్శకుడు ప్రకటనకు ఎన్ని సెకన్లున్నాయో లెక్కిస్తుంటాడు. ఎదురుగా మాజీ ఆటగాడు స్వింగ్ గురించి వివరిస్తుంటాడు. ఆ మాట వింటూనే, ఈ లెక్క వింటూనే, ఆయన వాక్యం తెగకుండా సున్నా దగ్గరికి చర్చను ముగించాలి. ఆట అర్థం కానివాళ్లకు ఇది సాధ్యం కాదు. అయినా ఈ నైపుణ్యం ప్రేక్షకుడికి కనబడదు కాబట్టి పరిజ్ఞానం ఖాతాలో జమ కాదు. యాంకర్ కుర్చీ నుంచి కామెంటరీ కుర్చీకి మెట్లు లేకపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నేను భావిస్తున్నాను.

ఇప్పుడు బాలాపూర్ నుంచి చూద్దాం. ఇక్కడి డిగ్రీ అమ్మాయికి ఏ పోటీ పరీక్షకైనా, ఏ సాఫ్ట్‌వేర్ కోర్సుకైనా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ దొరుకుతుంది. క్రీడా వ్యాఖ్యానం నేర్చుకోవాలంటే మ్యాచ్‌కు వెళ్లడమే దారి. ఉప్పల్ స్టేడియం నగరానికి ఇటువైపే ఉంది. కానీ ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఏడున్నరకు మొదలై పదకొండు దాటాక ముగుస్తుంది. స్టేడియం స్టేషన్ ఒక మెట్రో లైన్‌లో, ఎల్బీనగర్ మరో లైన్‌లో ఉన్నాయి. ఒక్క మార్పుతో రైల్లోనే రావాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి మారాలి. ఎల్బీనగర్‌లో దిగాక బాలాపూర్‌కు ఆటోనో బస్సో వెతుక్కోవాలి. అబ్బాయైతే స్నేహితుడి బండి మీద వెళ్లిపోతాడు. క్రీడా విలేకరిగా తొలి ఏళ్లన్నీ ఇలాంటి రాత్రులే కాబట్టి చాలామంది అమ్మాయిల వృత్తి ఇక్కడే మలుపు తిరుగుతుంది. అది దాటినా, ఐపీఎల్ తెలుగు వ్యాఖ్యానం చెప్పేది ముంబై స్టూడియోలో తెరమీద ఆట చూస్తూ. సీజన్ పొడవునా రెండు నెలలు ఇల్లు వదిలి ఉండాలి.

ఆడి వచ్చే ద్వారం మాత్రం ఇకపై వెడల్పవుతుంది. భద్రాచలం గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి. అదే ఏడాది నవంబర్ 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉంది. రేపు వీళ్లు తెలుగులోనే స్పిన్ గురించి, ఫీల్డింగ్ గురించి వివరించగలరు. రెండో ద్వారం మాత్రం దానంతట అది తెరుచుకోదు. ఆకాశవాణి ఒకనాడు ఒక ఉస్మానియా విద్యార్థి మీద పెట్టిన నమ్మకాన్ని ఇవాళ విశ్వవిద్యాలయాలూ ప్రసార సంస్థలూ అమ్మాయిల మీద పెట్టాలి. అంతర్ కళాశాల మ్యాచ్‌లకు తెలుగులో బంతి బంతికీ వ్యాఖ్యానం చెప్పే పని వాళ్లకు అప్పగించి, భత్యం ఇచ్చి, రికార్డు చేసి, సీనియర్ వ్యాఖ్యాతలతో వినిపించి దిద్దించవచ్చు. పగటిపూట ఆడే ఈ మ్యాచ్‌లు వెలుగుండగానే ముగుస్తాయి కాబట్టి, బాలాపూర్ అమ్మాయి చివరి ఓవర్ దాకా మైకు దగ్గరే ఉండి ఇంటికి చేరుకోవచ్చు.