శివారు నీళ్లు

మా వైపు ఎవరైనా పొలం కొంటున్నామంటే పెద్దవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఎగువనా, శివారునా?" శివారంటే కాలువ ఆఖరు. సార్వాకి నీళ్లు చివరగా అందేదీ, ఎద్దడి వస్తే ముందుగా ఎండేదీ అక్కడే. బందరు, పెడన, బంటుమిల్లి, కృత్తివెన్ను, ఏటి అవతల నాగాయలంక, కోడూరు అన్నీ కృష్ణ డెల్టాకి శివారే. నీళ్ల వంతు కోసం మా రైతులు తరతరాలుగా పోట్లాడారు. లాకుల దగ్గర రాత్రిళ్లు కాపలా పడుకున్నారు. ఆ నీళ్లతోపాటు ఎగువ నుంచి ఇంకేం దిగివస్తున్నాయని మాత్రం అంత గట్టిగా ఎప్పుడూ అడగలేదు. ఊరి చరిత్ర రాద్దామని కూర్చుంటే నాకు ముందు తోచింది ఆ అడగని ప్రశ్నే.

1832-33 నాటి నందన కరువు ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. ఆ తర్వాత బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాట బలపడింది. కాటన్ దొర పట్టుబట్టాడు, కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడు, 1855కి పని పూర్తయింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ డెల్టాలోకి పారాయి. ఈ కాలువల గొప్ప చెప్పేటప్పుడు అందరూ పంటనూ పడవలనూ తలుచుకుంటారు. నన్నడిగితే వాటికంటే పెద్దది తాగునీరు. సముద్రం దగ్గర పడ్డ ఈ నేలలో బావి తవ్వితే ఉప్పునీళ్లే ఎక్కువ. అందుకని ఊరికో మంచినీళ్ల చెరువు తవ్వుకున్నారు. కాలువ పారినన్నాళ్లూ దాన్ని నింపుకుని, ఎండాకాలం కాలువలు కట్టేశాక మళ్లీ నీళ్లు వదిలేదాకా వాటితోనే గడిపేవారు. ఇప్పటి సమ్మర్ స్టోరేజి ట్యాంకులు చేసే పనీ అదే. పొలానికి పారే నీళ్లే బిందెలోకి వస్తాయి. మా బతుకులో మంచీ చెడ్డా రెండూ ఈ ఏర్పాటులోనే ఉన్నాయి.

మా చిన్నతనంలో ఆ చెరువుకు ఎంత కట్టుబాటుండేదో! గేదెల్ని దిగనిచ్చేవారు కాదు, గుడ్డలు ఉతకనిచ్చేవారు కాదు, చెప్పులతో మెట్లు దిగితే గట్టుమీది ముసలాయన కేకలేసేవాడు. కావిళ్లతో తెచ్చిన నీళ్లను మా నాయనమ్మ పాత పంచెతో వడకట్టి, చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది. పొద్దున్నకి ఒండు అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడేవి. చిల్లగింజలోని జిగురు పదార్థం సన్నటి మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటిస్తుంది, బరువెక్కి అవి కిందకి దిగుతాయి. పటిక చేసేదీ ఇదే. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి. కలరాకీ విరేచనాలకీ ఆ జ్ఞానం చాలా మటుకు సరిపోయింది. నీళ్లలో కరిగిపోయినదాన్ని మాత్రం పంచె ఆపదు, చిల్లగింజ దింపదు, పొయ్యి చంపదు. సీసమూ కాడ్మియమూ ఎంత కాచినా పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

ఆ కరిగిపోయే సరుకు మా పొలాల్లోకి మొదట పురుగుమందుగానే వచ్చింది. 1960ల చివర ఐఆర్ 8 వంటి పొట్టి వరి వంగడాలు వచ్చాయి. ఎరువు పెరిగింది, దిగుబడి పెరిగింది, సుడిదోమా పెరిగింది. ఎండ్రిన్, గమాక్సిన్ అన్న పేర్లు బడికెళ్లని వాళ్లకి కూడా నోటికొచ్చాయి. ఎండ్రిన్‌ను 1990లో, గమాక్సిన్‌గా మనకు తెలిసిన బీహెచ్‌సీని 1997లో దేశంలో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఒక్కొక్కటీ పోయేటప్పటికి ఒక తరం వాటిని పీల్చేసింది. మా నాన్నగారి తరంలో మందు కొట్టేవాళ్లకి మూతికి కట్టిన తువ్వాలే రక్షణ. సాయంత్రం ఇంటికొచ్చి తల తిరుగుతోందంటే మజ్జిగ ఇచ్చేవారు. చొంగ కారడం, చూపు మసకబారడం, కంటిపాప సూదిమొనంత కావడం: ఇవి ఆర్గానోఫాస్ఫేట్ అనే మరో రకం మందు ఒంటికెక్కిందనడానికి గుర్తులు. నరానికీ కండరానికీ మధ్య కబురు అందిన వెంటనే దాన్ని చెరిపేసే ఎంజైము ఒకటుంటుంది. ఈ మందు దాన్ని పనిచేయనివ్వదు, కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఆసుపత్రిలో అట్రోపిన్ ఎక్కించేది అందుకే.

ఇంత కొట్టినా సుడిదోమ పోయిందా అంటే, లేదు. దాన్ని తినే సాలీళ్లూ మిత్రపురుగులూ ముందు చచ్చాయి. ఇదే అనుభవంతో ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది.

పొలంలో కొట్టిన మందు పొలంలోనే ఉండిపోదు. వాన పడితే మురుగుబోదెలోకి, అక్కడినుంచి డ్రెయిన్‌లోకి దిగుతుంది. కాలువ అందని శివారు రైతు ఆయిలింజను పెట్టి అదే డ్రెయిన్ నీళ్లను తన మళ్లలోకి తోడుకుంటాడు. ఎగువ రైతు వదిలేసింది దిగువ రైతుకి తడి. వాళ్లలో ఎవరిదీ తప్పనను. నీళ్లు లేనివాడు నీళ్లు ఎక్కడివని ఎంచలేడు.

ఒంట్లోకి చేరిన విషం ఒక ఊరినే ఎలా పడేస్తుందో 2020 డిసెంబరులో కొల్లేటికి అవతలి ఒడ్డున చూశాం. డిసెంబరు 5 నుంచి ఏలూరులో జనం నడుస్తూ నడుస్తూ మూర్ఛవచ్చి పడిపోవడం మొదలైంది. నోట నురగ, వాంతులు, కాసేపటి తర్వాత మళ్లీ మామూలు. వారం తిరక్కుండా 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. ఏలూరుకి గోదావరి కాలువతోపాటు మా కృష్ణ కాలువా వెళ్తుంది, అందుకే ఆ వారం బందరులో కూడా కుళాయి తిప్పడానికి చెయ్యి వెనకాడింది. నాకు అప్పటినుంచీ ఒకటే ఆలోచన. ఒక్కసారిగా వందలమంది పడిపోతే ఢిల్లీ నుంచీ హైదరాబాదు నుంచీ శాస్త్రవేత్తలు దిగారు, రక్తం తీశారు, కూరగాయలూ నీళ్లూ పరీక్షించారు. అదే విషం రోజుకి చిటికెడు చొప్పున ఇరవై ఏళ్లలో ఎక్కితే ఎవరి రక్తమూ తీయరు. అది షుగరనీ, వయసనీ, ఖర్మమనీ గడిచిపోతుంది.

నెమ్మదిగా ఎక్కే విషం మాటొస్తే మా చిలకలపూడి గురించి రాయక తప్పదు. చిలకలపూడి గిల్టు నగలంటే తెలుగునాట తెలియని ఇల్లు లేదు. బంగారం కొనలేని ఇంట్లో పెళ్లికూతురి మెడ నింపింది మా ఊరి చేతిపనే, అందుకు నాకు నిజంగా గర్వం. పోతేపల్లిలో నగల పార్కు వచ్చినా, పనిలో చాలాభాగం ఇప్పటికీ ఇళ్ల అరుగుల మీదే నడుస్తుంది. రాగితీగ సాగదీయడం, అచ్చు కొట్టడం, అతుకు వేయడం, ఆసిడ్‌లో ముంచి మెరుగు తేవడం, చివర బంగారపు పూత. పూత తొట్టిలో ఉండేది సయనైడ్‌తో కలిసిన బంగారు లవణం. బంగారానికి అడుగున నికెల్ పూత వేసే వాడుకా ఉంది. చెవిదిద్దు పెట్టుకున్న చోట తమ్మె దురదపెట్టి రసి కారడానికి చాలాసార్లు ఆ నికెలే కారణం. యూరప్ దేశాలు 1994లోనే నగల్లో నికెల్‌కి హద్దు పెట్టుకున్నాయి.

అతుకు సంగతి ఇంకా పెద్దది. 'కేడీఎం బంగారం' అని మనం ముచ్చటగా అడిగి కొనుక్కున్న రోజులున్నాయి. కేడీఎం అంటే కాడ్మియమే. తక్కువ వేడికి కరిగి అతుకు శుభ్రంగా కుదురుతుందని నగలపనిలో దేశమంతటా వాడారు. ఊదుగొట్టం పట్టుకున్న మనిషి ఆ పొగ పీల్చాడు. కాడ్మియం ఊపిరితిత్తుల్ని తింటుంది, మూత్రపిండాల్లో దశాబ్దాలపాటు తిష్ఠవేస్తుంది, క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థ అనుబంధ సంస్థే తేల్చింది. నగ కొన్నవాడికి దానివల్ల ఏమీ కాలేదు, నగ చేసినవాడికే అయింది. మా వీధిలో ముప్పై ఏళ్లు అతుకుపని చేసిన ఒకాయన చివర్లో నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసంతో కూలబడేవాడు. 'పొగాకు అలవాటు లేదుగదయ్యా' అని వైద్యుడు ఆశ్చర్యపోయాడట. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు.

జపానులో తొయామా అనే చోట జింజూ నది కింద వరి పండించే ఊళ్లున్నాయి. ఎగువన కమియోకా గని వదిలిన కాడ్మియం నదిలో దిగి, కాలువల్లో పారి, మళ్లలో చేరి, బియ్యంలోకి ఎక్కింది. నలుగురు బిడ్డల్ని కన్న నడివయసు ఆడవాళ్ల ఎముకలు దగ్గినా విరిగేవి. 'ఇటాయ్ ఇటాయ్' అంటూ ఏడ్చేవారు, 'నొప్పి నొప్పి' అని దానర్థం. జబ్బు పేరూ అదే అయింది. హగినో నోబోరు అనే అక్కడి వైద్యుడు, రోగులంతా ఆ నదినీటితో సాగయ్యే ఊళ్లవాళ్లేనని పట్టి చూపించాడు. 1968లో జపాను ప్రభుత్వం అది కాలుష్యం తెచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. ఏటికి దిగువన, వరినే నమ్ముకున్న ఆ ఊళ్ల కథ చదివినప్పుడల్లా నాకు మా డెల్టా పటమే కళ్లముందు కదులుతుంది. అలాంటి పటం మా కాలువలకీ కావాలి: ఏ కాలువ కింద, ఏ పని చేసే ఇళ్లలో, ఏ జబ్బులున్నాయో చుక్కలు పెట్టి చూపే పటం. దానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ రోగి పేరు పక్కన ఊరూ, పనీ, తాగే నీళ్లూ రాసుకుంటే చాలు.

పెడన కలంకారీ అద్దకం గురించీ రెండు మాటలు. కరక్కాయ, పటిక, బెల్లంలో ఊరేసిన ఇనుము, చిరివేరు, నీలిమందు: ఇవి కలంకారీ పాత రంగులు. కాలువలో ఉతికినా కాలువకు పెద్ద చేటు లేదు. రసాయన రంగులతో అచ్చువేసే చవక గుడ్డ వచ్చాక లెక్క మారింది. కొన్ని అజో రంగులు విడిపోయి పుట్టే అమీన్లు మూత్రాశయ క్యాన్సరు తెస్తాయి. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జను రంగుల ఫ్యాక్టరీ కూలీల్లో ఆ జబ్బు గుర్తించాడు. అలాంటి రంగుల్ని మన దేశమూ 1990లలో నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంటే సరిపోదు, రంగు డబ్బా కొనే అద్దకంవాడికి అది తెలియాలి.

గుడివాడ వైపు వెళ్తే కష్టం ఇంకో రకం. నందివాడ, ముదినేపల్లి దాటాక చూపు ఆనినంతమేరా చేపల చెరువులే. వాటికి కోళ్ల వ్యర్థాలు మేతగా వేయడం నిషేధమైనా ఆ వాసన దారిలో తగులుతూనే ఉంటుంది. రొయ్యల గుంటల్లో వాడకూడని యాంటిబయాటిక్‌ల పట్టికా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచి, ఆ నీళ్లతో నందివాడ మండలం మీదికొచ్చింది. నగరం కడిగిన నీళ్లు మా గుమ్మాల్లో రోజులకొద్దీ నిలిచాయి.

దివిసీమలో ఉప్పే విషం. 1977 నవంబరు 19 ఉప్పెన మంచినీళ్ల చెరువుల్ని ఒక్క రాత్రిలో ఉప్పుచేసింది. ఇప్పుడు ఆ పని నెమ్మదిగా జరుగుతోంది. ఎగువన కట్టలు పెరిగి కృష్ణలో నీరు తగ్గేకొద్దీ సముద్రం ఏట్లోకి ఎగదన్నుతోంది. బంగ్లాదేశ్ తీరంలో ఉప్పు కలిసిన నీళ్లు తాగే గర్భిణుల్లో రక్తపోటు ఎక్కువని పరిశోధకులు చూపారు. నాగాయలంకలో కాన్పుకి వచ్చే ఆడపిల్లకి బీపీ ఉంటే, ఏ నీళ్లు తాగుతున్నావమ్మా అని అడగడం ఆ లెక్కన వైద్యమే.

జూన్‌లో కాలువ వదిలే రోజు నాకిప్పటికీ పండగే. ఎండిన కాలువలో మూడు నెలలుగా పోగుపడ్డ చెత్తా, బెజవాడ ఒడ్డున ఇళ్లు విడిచిన మురుగూ, గుర్రపుడెక్కా అన్నీ ముందుగా తోసుకొస్తాయి. నల్లటి నురగతో వస్తుంది ఆ నీరు. మా ఊరి చెరువు తూము తీయబోతే పాత లస్కరు ఒకాయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఇవి వద్దండీ బాబూ, రెండ్రోజులు పోనీయండి. ఎరుపు తిరిగాక పెట్టుకుందాం." అలాగే ఆగేవాళ్లం. ఆ నల్లనీళ్లు శివారు దాటి డ్రెయిన్‌లో పడి, మడచెట్ల మధ్యనుంచి సముద్రం దారి పట్టేవి. ఆ దారిలోనే గిలకలదిండి పడవలున్నాయి. ఏటి అవతల ఎదురుమొండి, నాచుగుంట లంకల్లో పీతలు పట్టి బతికేవాళ్లున్నారు. మా రెండ్రోజుల నీళ్లు వాళ్ల వలల్లోకి వెళ్తున్నాయని అప్పట్లో నాకు తోచలేదు.