ఇంటిపేరు, వేలిముద్ర, వై క్రోమోజోమ్

మన ఎరుకల ఇళ్లలో పెళ్లి సంబంధం మాట వస్తే పెద్దలు ముందు అడిగేది ఇంటిపేరే. సాతుపాటి, కావడి, మానుపాటి, మేంద్రగుత్తి అనే నాలుగింటిలో ఎవరు ఏ శాఖకు చెందినవారో తేలాకే మాట ముందుకు సాగుతుంది. ఆ పేరు తండ్రి నుంచి వస్తుంది. తండ్రివైపు వరసను ఇప్పుడు ప్రయోగశాలలో కూడా చదవగలుగుతున్నారు. పోలీసు కేసుల్లోనూ, కోర్టుల్లోనూ ఆ పరీక్ష వాడుకలోకి వచ్చింది. అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో మన యువత తెలుసుకోవాలి. పుట్టుకను బట్టి మనుషులను గుర్తుపెట్టిన చరిత్ర మనమీద ఒకసారి నడిచింది కాబట్టి ఈ అవసరం మనకు మరీ ఎక్కువ.

ఆ చరిత్ర మన కోసిగి రైలు పట్టాల పక్కనే మొదలవుతుంది. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని, కోసిగి మీదుగా వచ్చిన రైలు మార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. అప్పటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉంది. కర్నూలు జిల్లాలోకి వచ్చింది 1953లో. అంతకుముందు మన పూర్వీకులు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా అమ్మేవారు. ఆ సరుకు రైలెక్కడంతో మనవాళ్ల వ్యాపారం దెబ్బతింది.

బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది కూడా 1871లోనే. మొదట అది ఉత్తర భారతానికే పరిమితం. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నేరం చేశాడా లేదా అన్న విచారణ లేకుండానే, జాబితాలో ఉన్న జాతిలో పుట్టినవాడి పేరు రిజిస్టరుకెక్కేది. వేలిముద్రలు తీసుకునేవారు. ఠాణాలో హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. స్టూవర్టుపురం, కావలి సెటిల్‌మెంట్లు ఆ కాలంలో వచ్చినవే. దేశమంతటా ఈ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. ఆ రోజునే విముక్త దినంగా జరుపుకుంటున్నాం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వేలిముద్ర ఒక్క మనిషిది. అన్నదమ్ములిద్దరికీ ఒకే ముద్ర ఉండదు. అలాంటి గుర్తును తెచ్చి మొత్తం జాతి మీద నిఘాకు వాడారు. తప్పు వేలిముద్ర శాస్త్రంలో లేదు, దాన్ని పట్టుకున్న చేతిలో ఉంది. వై క్రోమోజోమ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఎందుకంటే అది మొదటినుంచే ఒక్క మనిషి గుర్తు కాదు.

మన శరీరంలోని కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. అందులో ఒక జత ఆడ మగ తేడాకు సంబంధించినది. ఆడవారికి రెండు ఎక్స్‌లు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై. తండ్రి తన వైను దాదాపు మార్పు లేకుండా కొడుకుకు ఇస్తాడు. దాని మీద కొన్నిచోట్ల చిన్న అక్షరాల వరస మళ్లీ మళ్లీ వస్తుంది. బుట్ట అల్లికలో ఒకే మడత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టినట్టు, ఆ వరస ఒకరిలో 13 సార్లు, మరొకరిలో 14 సార్లు వచ్చిందని లెక్కిస్తారు. ఇలాంటి 17, 23, 27 చోట్ల లెక్కలు ఒకేసారి తీసే పరీక్షలు ఉన్నాయి. అత్యాచారం కేసుల్లో బాధితురాలి కణాలు ఎక్కువగా, నిందితుడివి తక్కువగా కలిసిపోయి ఉన్నప్పుడు ఈ పరీక్ష చాలా పనికొస్తుంది. ఆడవారికి వై ఉండదు కాబట్టి మగవాడి ఆనవాలు మాత్రమే బయటపడుతుంది.

అయితే ఆ లెక్క తండ్రికీ, కొడుకుకూ, అన్నదమ్ములకూ, పెదనాన్న చిన్నాన్నలకూ, వాళ్ల కొడుకులకూ సాధారణంగా ఒకటే. 1998లో అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ విషయంలో ఇదే జరిగింది. ఆయన బానిస శాలీ హెమింగ్స్ కొడుకు వంశంలోని వారసుడి వై, జెఫర్సన్ పెదనాన్న వంశపువారి వైతో కలిసింది. తండ్రి జెఫర్సన్ ఇంటి మగవాడే అని పరీక్ష చెప్పింది. ఆ ఇంట్లో ఎవరన్నది తేల్చడానికి పాత రాతకోతలు, తేదీలు చూడాల్సి వచ్చింది.

ఇదే గుర్తు నిర్దోషులను కాపాడనూగలదు. నెదర్లాండ్స్‌లోని ఒక పల్లెలో 1999లో ఒక అమ్మాయి హత్యకు గురైంది. ఊరివాళ్లు పక్కనే ఉన్న శరణార్థుల శిబిరాన్ని అనుమానించారు. 2012లో ఆ చుట్టుపక్కల వేలమంది మగవాళ్లు స్వచ్ఛందంగా నమూనాలు ఇచ్చారు. దొరికినవాడు శరణార్థి కాదు, స్థానిక రైతు. బయటివాడి మీద ముందే పడే అనుమానం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన దేశంలో డీఎన్ఏ పరీక్షకు పుట్టినిల్లు హైదరాబాద్. సీసీఎంబీలో లాల్‌జీ సింగ్ పాముల లింగ క్రోమోజోములను పరిశోధిస్తూ, కట్లపాము జాతిలో కనిపెట్టిన డీఎన్ఏ వరస ఆధారంగా 1988లో మన సొంత పద్ధతిని సిద్ధం చేశారు. మన రాష్ట్రానికి గవర్నర్‌గా చేసిన ఎన్.డి. తివారీ పితృత్వ కేసులో 2012లో పరీక్ష జరిగింది హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలోనే. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బస్సు కాలిపోయినప్పుడు మృతదేహాలను డీఎన్ఏ పరీక్షలతోనే గుర్తించి అయినవాళ్లకు అప్పగించారు. మన కోసిగి మండలం నుంచి ఏటా ఎంతోమంది గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోతారు. దూరాన ఏదైనా జరిగితే, మనిషిని పోల్చుకోవడానికి తండ్రి లేకపోయినా అన్నదమ్ముడో, చిన్నాన్న కొడుకో ఇచ్చే నమూనా దారి చూపుతుంది.

ఇక జాతి మాట. వైను బట్టి ఎవరు గిరిజనులో తేల్చవచ్చని ఎవరైనా అంటే నమ్మవద్దు. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆర్యుల రాకతో ముడిపెడుతూ వచ్చిన ఆర్1ఎ అనే వై శాఖ పంజాబ్‌లోనే కాదు, చెంచుల్లో కూడా 26 శాతం మందిలో కనిపించింది. అడవిలోని చెంచుకూ, పంజాబ్ రైతుకూ ఒకే శాఖ ఉండగలదు. పైగా పది తరాలు వెనక్కి వెళితే మన వంశవృక్షంలో 1,024 స్థానాలు ఉంటాయి. వై వచ్చింది వాటిలో ఒక్కదాని నుంచే. మన ఆడపిల్లలకు అసలు వై లేదు. వాళ్లు ఎరుకలవాళ్లు కారా? కుర్రు భాష మనకు నేర్పింది ఎక్కువగా అమ్మలూ, అవ్వలే కదా! మన రాష్ట్రంలో కుల ధ్రువపత్రం 1993 నాటి చట్టం ప్రకారం పత్రాలు, విచారణ ఆధారంగా ఇస్తారు, రక్తపరీక్షతో కాదు.

అందుకే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. 2022 గుర్తింపు చట్టం ప్రకారం తీసుకున్న వివరాలను 75 ఏళ్లు దాచవచ్చు. స్త్రీలు, పిల్లలపై నేరాలు, ఏడేళ్లూ ఆపైన శిక్ష పడే నేరాలు కానప్పుడు, అరెస్టయిన వ్యక్తి జీవ నమూనా ఇవ్వనని చెప్పవచ్చు. వై కలిసిందని చెబితే, మిగతా క్రోమోజోముల పరీక్ష కూడా చేశారా అని అడగాలి. గిరిజనులకు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతాడు, ఆదాయంతో పని లేదు.

మన తాతలు వేలిముద్ర వేసినప్పుడు అది దేనికో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మీరు చదువుకున్నవాళ్లు. నమూనా ఇచ్చే ముందు అడగండి, తెలుసుకుని ఇవ్వండి. మీలో కొందరు ఆ ప్రయోగశాలల్లో, ఆ కోర్టుల్లో పనిచేసేవాళ్లుగా ఎదగాలని మా కోరిక.