ఒక పుస్తకం, ఒక చెయ్యి: మా అక్క పెళ్లి చదివింపులు క్లౌడ్‌లో ఎలా పోయాయి?

ఈ ఎపిసోడ్ ఒక డిలీట్ బటన్‌తో మొదలవుతుంది. నొక్కింది నేనే.

మా అక్క పెళ్లి తెనాలిలో అయింది. మన పెళ్లిళ్లలో భోజనాల హాలు పక్కన ఒక టేబుల్ వేసి చదివింపులు రాస్తారు కదా, అక్కడ మా బాబాయి కూర్చున్నారు. ఎవరు, ఏ ఊరు, ఎంత. మొత్తం 312 పద్దులు. మీలో పెళ్లి కానివాళ్లకి ఇది కవర్లు లెక్కపెట్టుకునే పనిలా అనిపించొచ్చు. కానీ ఆ పుస్తకం అసలు పని తర్వాత మొదలవుతుంది. రేపు వాళ్లింట్లో శుభకార్యం అయితే మనం ఎంత రాయాలో చెప్పేది అదే. తగ్గితే మాటొస్తుంది.

అప్పటికి నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. "ఇంకా నోట్‌బుక్కేంటి బాబాయ్" అని పెద్ద తెలివిగా ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తయారుచేసి, క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టాను. నా లాప్‌టాప్‌లో ఒకటి, తెనాలి ఇంట్లో డెస్క్‌టాప్‌లో ఒకటి, రెండూ అవే సింక్ అవుతాయి. ముందు పేజీలు ఫోటోలు తీసి నాకు పంపితే నేను ఎక్కించాను. చివరి 87 పద్దులు బాబాయి కొడుకు, మా తమ్ముడు, ఇంట్లోనే కూర్చుని ఎక్కించాడు. ఎక్కించడం అయిపోయింది కాబట్టి నోట్‌బుక్ పాత పేపర్లవాడి దగ్గరికి వెళ్లిపోయింది.

తమ్ముడు ఎక్కిస్తున్న ఆ రాత్రే నేను ట్రైన్‌లో ఉన్నాను. నెట్ లేదు. నా దగ్గర మిగిలిన ముప్పై పద్దులు ఎక్కించి సేవ్ కొట్టాను. పొద్దున వైఫై తగలగానే ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు కనిపించాయి. ఒకటి మామూలు పేరుతో, ఇంకోటి తోకలాంటి పొడుగు పేరుతో. మామూలుది తెరిస్తే నేను రాత్రి కొట్టిన ముప్పై లేవు. తోక ఉన్నదాంట్లో ఉన్నాయి. ఓహో, ఇదే అసలుది అనుకుని మొదటిది డిలీట్ చేసి, రెండోదానికి దాని పేరు పెట్టేశాను. తమ్ముడి 87 అలా పోయాయి.

మూడు నెలల తర్వాత మా వీధిలో ఒకళ్ల అబ్బాయి పెళ్లి. "వాళ్లు మనకెంత రాశార్రా?" అని అమ్మ ఫోన్ చేసింది. వెతికాను, వాళ్ల పేరే లేదు. క్లౌడ్ చెత్తబుట్ట ముప్పై రోజులకే ఖాళీ అయిపోతుంది.

ఇంజినీర్‌ని కాబట్టి సిగ్గుతో చదవడం మొదలుపెట్టాను. లెక్కల పుస్తకం వందల ఏళ్లు నిలబడింది, మరి నా ఫైల్ మూడు నెలలు కూడా ఎందుకు నిలబడలేదు? వెనక్కి వెళ్తూ వెళ్తూ 1494 దాకా వెళ్లాను.

ఆ ఏడాది వెనిస్‌లో లూకా పచోలి అనే సన్యాసి ఒక పెద్ద గణిత గ్రంథం అచ్చువేశాడు. లియొనార్డో డావించీకి స్నేహితుడు ఈయన. ఆ గ్రంథంలో ఒక భాగం వ్యాపారుల లెక్కల గురించి. డబుల్ ఎంట్రీని ఈయనే కనిపెట్టాడని చాలా వీడియోల్లో చెప్తారు, తప్పు. వెనిస్ వర్తకులు అప్పటికే చేస్తున్నదాన్ని ఈయన పద్ధతిగా రాసిపెట్టాడు, అంతే. ఆయన మూడు పుస్తకాలు పెట్టమంటాడు. మొదటిది మెమొరాండమ్, అంటే జరిగింది జరిగినట్టు గీకేసుకునే పుస్తకం. ఇందులో యజమాని రాయొచ్చు, గుమాస్తాలు రాయొచ్చు, ఆయన లేనప్పుడు చదువొచ్చిన ఇంటి ఆడవాళ్లూ రాయొచ్చు. రెండోది జర్నల్, దాంట్లో వాటినే తేదీలవారీగా శుభ్రంగా రాస్తారు. మూడోది లెడ్జర్, ఎవరి ఖాతా వాళ్లకి. ఒక పద్దుని ఒక పుస్తకంలోంచి ఇంకోదాంట్లోకి ఎత్తి రాశాక దాని మీద అడ్డంగా గీత గీయాలి. చెరపడం కాదు, "ఇది అక్కడికి చేరింది" అని గుర్తు. ఇంకో మాట కూడా చెప్తాడు, నాకు బాగా తగిలింది అదే: పుస్తకాలు వర్తక అధికారి దగ్గరికి తీసుకెళ్లి, ఇందులో రాసే చెయ్యి ఎవరిదో నమోదు చేయించడం మంచిదట.

మన షావుకార్ల దుకాణాల్లో కూడా చిట్టా, ఆవర్జా అని రెండుండేవి. చిట్టాలో రోజువారీగా వరసపెట్టి రాస్తారు, ఆవర్జాలో ఎవరి ఖాతా కింద వాళ్లది తీసి రాస్తారు. గల్లా దగ్గర ఎవరు కూర్చున్నా, ఆవర్జా రాసేది మాత్రం గుమాస్తా ఒక్కడే. పేర్లు వేరు, పద్ధతి దగ్గరదగ్గర అదే.

ఇప్పుడు గబగబా కంప్యూటర్ల దగ్గరికి వచ్చేద్దాం. 1983లో అమెరికాలో స్కాట్ కుక్, టామ్ ప్రూ అనే ఇద్దరు ఇంట్యూట్ పెట్టారు. ఇంటి బిల్లులు కట్టడం తలనొప్పిగా ఉందని కుక్ వాళ్లావిడ విసుక్కోవడంతో ఐడియా వచ్చిందని ఆయనే చెప్పుకునేవాడు. 1984లో క్వికెన్ వచ్చింది. (అదే ఏడాది మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థని రద్దు చేసింది. సంబంధం ఏమీ లేదు, లెక్కల పుస్తకాలు చేతులు మారిన సంవత్సరం అని సరదాగా చెప్పా.) రెండేళ్లకి బెంగళూరులో గోయెంకాలు టాలీకి పునాది వేశారు. 1998లో జీఎన్‌యూక్యాష్ 1.0 ఉచితంగా వచ్చింది. ఇవన్నీ పుట్టినప్పుడు ఫైల్ ఒక కంప్యూటర్‌లోనో, ఒక ఫ్లాపీలోనో ఉండేది. ఫ్లాపీ ఎవరి చేతిలో ఉంటే పుస్తకం వాళ్ల చేతిలో ఉన్నట్టే. అంటే పచోలి నియమాన్ని ఎవరూ రాయకపోయినా ఆ ప్లాస్టిక్ ముక్కే కాపలా కాసింది.

ఆ కాపలా పోయింది ఎక్కడంటే, ఒక బస్సులో. డ్రాప్‌బాక్స్ పెట్టిన డ్రూ హ్యూస్టన్ బోస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్తూ పెన్‌డ్రైవ్ ఇంట్లో మర్చిపోయాడు. ఆ చిరాకుతో బస్సులోనే కోడ్ రాయడం మొదలుపెట్టాడని కథ. 2008లో డ్రాప్‌బాక్స్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. పెన్‌డ్రైవ్ మర్చిపోతే ఇబ్బందే, ఒప్పుకుంటా. కానీ ఒక పెన్‌డ్రైవ్ ఒకే టైంలో రెండు ఊళ్లలో ఉండదు. సింక్ ఫోల్డర్ ఉంటుంది.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. మీరు, మీ తమ్ముడు ఒకే ఫైల్‌ని రెండు చోట్ల మార్చారనుకోండి, క్లౌడ్‌కి ఏం కనిపిస్తుంది? దానికి చదివింపులు తెలియవు, పద్దులు తెలియవు. ఫైల్ దానికి తాళం వేసిన ట్రంకుపెట్టె లాంటిది. పాత పెట్టె మీదికి రెండు కొత్త పెట్టెలు వచ్చాయి, అంతవరకే తెలుసు. పైగా జీఎన్‌యూక్యాష్ లాంటివి ఫైల్‌ని మామూలుగా కంప్రెస్ చేసి దాస్తాయి. ఒక్క పద్దు మార్చినా పెట్టె మొత్తం మారినట్టే ఉంటుంది. అందుకే మంచి సర్వీస్ అయితే రెండూ ఉంచుతుంది, ముందు చేరినదానికి అసలు పేరు, తర్వాత చేరినదానికి "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" అనే తోక. నేను తిట్టుకున్న ఆ తోక నిజానికి నన్ను కాపాడటానికి వచ్చింది. అంత మంచిది కాకపోతే, టైం చూసి చివరిది ఉంచి మొదటిది తీసేస్తుంది. రెండు మెషీన్ల గడియారాలు చూసి ఏది ముందు, ఏది వెనక అని తేల్చలేమని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే పేపర్ రాశాడు. అయినా చేస్తారు.

ఇంకా బాధ ఏంటంటే, డ్రాప్‌బాక్స్ కంటే పాతికేళ్ల ముందే ఇదంతా తెలుసు. లాస్ ఏంజెలిస్ యూనివర్సిటీలో లోకస్ అనే సిస్టమ్ మీద పనిచేసినవాళ్లు 1983లో ఒక పేపర్ వేశారు. రెండు కాపీలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయా, లేక ఒకదానికొకటి తెలియకుండా చీలిపోయాయా అనేది గడియారం లేకుండా కనిపెట్టే పద్ధతి అందులో ఉంది. 1987 నుంచి కార్నెగీ మెలన్‌లో మహదేవ్ సత్యనారాయణన్ బృందం కోడా అనే ఫైల్ సిస్టమ్ కట్టింది, సరిగ్గా నా ట్రైన్ పరిస్థితి కోసం: నెట్ లేకుండా పనిచేసి, తర్వాత కలుపుకోవడానికి. చీలిక వచ్చిందని కోడా పట్టుకోగలదు. కానీ ఫైల్ లోపల ఏముందో తెలిస్తే తప్ప కలపలేదు. దానికి ఆ ఫైల్ అర్థం తెలిసిన ప్రోగ్రామ్ కావాలి, లేదా మనిషి కావాలి.

మరి సాఫ్ట్‌వేర్‌లో తాళం లేదా అంటే, ఉంది. జీఎన్‌యూక్యాష్ ఫైల్ తెరవగానే పక్కన ఎల్‌సీకే అనే చిన్న తాళం ఫైల్ పెడుతుంది. ఇంకో చోట తెరిస్తే "ఇది ఎవరో వాడుతున్నారు" అని ఆపి, చదవడానికి మాత్రమే తెరవమంటావా, అయినా సరే తెరవమంటావా అని అడుగుతుంది. ఒకే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది. సింక్ ఫోల్డర్‌లో మాత్రం ఆ తాళం కూడా ఒక ఫైలే, అది కూడా ప్రయాణం చేయాలి. తెనాలిలో వేసిన తాళం ట్రైన్‌లో ఉన్న నాకెలా చేరుతుంది?

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం వైనాబ్‌ది. జెస్సీ మెచమ్ 2004లో ఒక ఎక్సెల్ షీట్‌తో మొదలుపెట్టిన బడ్జెట్ సాఫ్ట్‌వేర్ అది. 2012లో దాని నాలుగో వెర్షన్ వచ్చింది. డ్రాప్‌బాక్స్ ద్వారానే సింక్ చేసేది, కానీ తెలివిగా. బడ్జెట్ అంతా ఒకే ఫైల్‌గా కాకుండా ఒక ఫోల్డర్. మీ ఫోన్ చేసిన మార్పులు ఫోన్ తన సొంత చిన్న ఫైళ్లలో రాస్తుంది, లాప్‌టాప్ తనవి తను రాస్తుంది. ఒకరి ఫైల్ ఇంకొకరు ముట్టుకోరు. తర్వాత ప్రతి డివైస్ అందరి చిట్టాలూ చదివి తన ఆవర్జా తను కట్టుకుంటుంది. పచోలి మెమొరాండమ్ ఇదే కదా! ఎవరైనా రాయొచ్చు, కానీ కలిపేది మాత్రం లెక్క తెలిసినవాళ్లు. 2015 చివర్లో వాళ్లు దీన్ని వదిలేసి, నెలకింత కట్టే వెబ్ వెర్షన్‌కి మారారు. ఇప్పుడు పుస్తకం వాళ్ల సర్వర్‌లో, ఒకే చోట. సమస్య తీరింది, పుస్తకం మాత్రం మన ఇంట్లో లేదు. నాకైతే పాతదే గొప్పగా అనిపిస్తుంది.

ఇంకో దారి జాన్ వీగ్లీ 2003లో మొదలుపెట్టిన లెడ్జర్. లెక్కలన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌లోనే ఉంటాయి, దాన్ని గిట్‌లో పెడితే లైన్లవారీగా కలుస్తుంది. మనలాంటి కోడర్లకి హాయి. బాబాయికి చెప్పి చూశాను, కాఫీ తాగుతావా అన్నారు.

నేను ఇప్పుడు చేసేది చెప్పేస్తా. అసలు ఫైల్ సింక్ ఫోల్డర్‌లో ఉండదు, తెనాలి డెస్క్‌టాప్‌లో మామూలు ఫోల్డర్‌లో ఉంటుంది. అందులో రాసేది తమ్ముడు ఒక్కడే. సాఫ్ట్‌వేర్ మూసేశాక, తేదీ పేరుతో ఒక కాపీ క్లౌడ్‌కి వెళ్తుంది. నాకు ఏమైనా ఎక్కించాల్సి వస్తే వాట్సాప్‌లో రాసి పంపిస్తా, అదే నా చిట్టా. మీరు జీఎన్‌యూక్యాష్‌ని ఎస్‌క్యూలైట్ రకంలో సేవ్ చేస్తుంటే ఇంకా జాగ్రత్త. సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా డేటాబేస్ పక్కన దాని జర్నల్ ఫైల్ కూడా ఉండొచ్చు. సింక్ ఆ రెండింటినీ వేర్వేరు క్షణాల్లో ఎత్తుకెళ్తే డేటాబేసే చెడిపోవచ్చు. మామూలు ఫైల్ అయితే, పక్కన తేదీలతో గుట్టగా పేరుకునే బ్యాకప్‌లు, లాగ్ ఫైళ్లు చెత్తలా కనిపిస్తాయి, తీసేయకండి. ఆ లాగ్‌ని మళ్లీ నడిపించి పోయిన పద్దులు తెచ్చుకునే ఆప్షన్ ఇంపోర్ట్ మెనూలోనే ఉంది. తోక ఉన్న ఫైల్ ఎప్పుడైనా కనిపిస్తే ఏదీ డిలీట్ చేయొద్దు. రెండూ కాపీ తీసుకుని, రెండూ తెరిచి, తేదీలవారీగా పక్కపక్కన పెట్టి చూడండి.

2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపడానికి వీలుండకూడదు. అంటే చెరపడం కుదరదు, అడ్డగీతే. పెళ్లి లెక్కలకి ఆ చట్టం లేదు మరి.

మా 87లో బాబాయి గుర్తు తెచ్చుకుని 46 చెప్పగలిగారు. మిగతా 41 ఇళ్లు ఎవరివో, ఎంత రాశారో తెలియదు. అందుకే లిస్ట్‌లో పేరు దొరకని ఏ ఇంటి నుంచి శుభలేఖ వచ్చినా అమ్మ వెయ్యిన్నూటపదహార్లు కవర్లో పెట్టి పంపిస్తుంది. పోయిన నెల ఒకావిడ ఆ కవర్ తీసుకుని, "అయ్యో, మేం మీ పెళ్లికి రానేలేదు వదినా" అందట.