ఏడు నొక్కుల దారి

2016 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బోయినపల్లి మండలం ఒకదాని వెంట ఒకటి మూడు మార్పులు చూసింది. సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై, అప్పటిదాకా లెక్కపెట్టుకుంటూ వాడిన మొబైల్ డేటా ఒక్కసారిగా ఉచితమైంది. అదే నెల చివర్లో కుండపోత వానలకు మండలంలోని మాన్వాడ దగ్గర కడుతున్న మధ్య మానేరు కట్టకు గండి పడి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అక్టోబరు 11న, దసరా నాడు, ఉమ్మడి కరీంనగర్ జిల్లా విడిపోయి రాజన్న సిరిసిల్ల జిల్లా పుట్టింది.

గండి కథ, జిల్లా కథ అందరికీ తెలిసినవే. డేటా చవకైనందువల్ల ఇళ్లలో వచ్చిన ఒక చిన్న మలుపు మాత్రం చర్చకు రాలేదు. ఫోను తెర మీద సిస్టమ్ అప్‌డేట్ కబురు కనిపించగానే దాన్ని పక్కకు నెట్టేసే అలవాటు అప్పటికే పల్లెల్లో పాతుకుపోయి ఉంది. దానికున్న పెద్ద కారణం, డేటా ఖర్చు, ఆ సెప్టెంబరులో తొలగిపోయింది. అలవాటు మాత్రం ఉండిపోయింది. అది తెలియనితనం కాదు. దాని వెనక ఖర్చు ఉంది, భయం ఉంది, చాలా సందర్భాల్లో న్యాయమైన విసుగూ ఉంది.

తెలంగాణ పల్లెల్లో సర్కారు కబురు ఒకప్పుడు డప్పు మీద వచ్చేది. పన్నుల గడువు, చెరువు తూము ఎత్తే రోజు, పశువులకు సూదులేసే రోజు, గ్రామసభ, ఏదైనా సరే దండోరా వేసేవారు. డప్పు పట్టుకున్న మనిషి కూడలిలో ఆగి, నాలుగు దరువులు వేసి, ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’ అని ఎత్తుకుని, విషయం చెప్పి పక్క వాడకు సాగిపోయేవాడు. దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ దండోరాకు ఒక మర్యాద ఉండేది. చెప్పాక వెళ్లిపోయేది. విన్నవాళ్లు పాటించారో లేదో చూడ్డానికి గడప దగ్గర కూర్చునేది కాదు. ఫోనులోని అప్‌డేట్ కబురుకు ఆ మర్యాద లేదు. పొద్దున నెట్టేస్తే సాయంత్రం మళ్లీ వస్తుంది.

మొదట వచ్చిన చిన్న ఫోన్లకు ఈ తలనొప్పే లేదు. దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య నడిచింది. 2003 దాకా మనకు వచ్చిన కాల్‌కూ మనమే డబ్బు కట్టాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో మిస్డ్ కాల్ ఒక భాషే అయింది. మోగించి కోసేస్తే క్షేమమని ఒక ఇంట్లో అర్థం, తిరిగి చేయమని ఇంకో ఇంట్లో అర్థం. ఫోను ఏం మోగినా ముందు ఖర్చు లెక్క చూసుకోవడం అక్కడే అలవడింది. తర్వాత వచ్చిన అప్‌డేట్ కబురును కూడా జనం అదే కళ్లతో చూశారు.

ఆండ్రాయిడ్‌తో తొలి ఫోను 2008లో అమెరికాలో వచ్చింది. మరుసటి ఏడు మన దేశంలోకి అడుగుపెట్టింది. తెలుగువాళ్లకు ఆ తొలి ఫోన్లు పెట్టిన బాధ ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు: తెలుగు వెబ్‌సైటు తెరిస్తే అక్షరాల స్థానంలో వరసగా ఖాళీ డబ్బాలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో తొలి కూర్పు నాడే చోటు దొరికింది. అయినా ఫోనులో ఫాంటూ లేదు, వత్తులనూ గుణింతాలనూ కలిపి చూపించే ఏర్పాటూ లేదు. దానికి జనమే ఒక దారి కనిపెట్టారు. ఒపెరా మినీ బ్రౌజరులో చిరునామా గడిలో ‘ఒపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, క్లిష్టమైన లిపులను బొమ్మలుగా చూపించే ఒక అమరికను తెరిస్తే తెలుగు కనిపించేది. అక్షరాలు బొమ్మలుగా రావడంతో డేటా ఎక్కువ కాలేది, తెర నెమ్మదిగా నిండేది. అయినా ఆ చిట్కా ఒకరి నుంచి ఒకరికి పాకింది. సెట్టింగులు తవ్వి ఫోనును దారికి తెచ్చుకోవడం తెలుగు పాఠకులు తమ లిపి కోసమే నేర్చుకున్నారు.

ఆ డబ్బాలను పోగొట్టింది అప్‌డేటే. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1, అంటే జెల్లీ బీన్, తెలుగు, కన్నడ, మలయాళ లిపులను చూపించడం మొదలుపెట్టింది. 2014 నవంబరులో వచ్చిన 5.0 లాలిపాప్ ఫోను మెనూలనే తెలుగులోకి తెచ్చింది. ‘సెట్టింగ్‌లు’, ‘ఫోన్ గురించి’ వంటి మాటలు అలా తెర మీదికి వచ్చాయి. ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. ఇవాళ ఎంత విసుక్కున్నా, తెలుగు ఫోనులోకి వచ్చిన తోవ మాత్రం సిస్టమ్ అప్‌డేటే. పాత ఫోన్ల దాకా ఆ అప్‌డేట్ చేరలేదు గనుక చాలామందికి తెలుగు కొత్త ఫోను కొన్నప్పుడే దక్కింది.

మరి వచ్చిన అప్‌డేట్లను ఎందుకు తోసేశారు? 2014 సెప్టెంబరు 15న ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు ప్రపంచంలో మొదట మన దేశంలోనే విడుదలయ్యాయి. ఢిల్లీలో సుందర్ పిచాయ్ వాటిని పరిచయం చేశారు. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలవి, ధర 6,399 రూపాయల దగ్గర మొదలు. నేరుగా గూగుల్ నుంచి త్వరగా అప్‌డేట్లు రావడం వాటి ప్రత్యేకత. దానితోపాటు ప్రకటించిన ఇంకో సంగతి అసలు గుట్టు విప్పుతుంది: ఎయిర్‌టెల్ సిమ్ వేసుకుంటే తొలి ఆరు నెలలు సిస్టమ్ అప్‌డేట్లకు డేటా చార్జీ ఉండదని. డేటా ఖర్చుకు భయపడి జనం అప్‌డేట్ చేసుకోరని కంపెనీలకూ తెలుసన్నమాట. ఆ రోజుల్లో ఒక జీబీ 3జీ డేటా సుమారు 250 రూపాయలు. వందల ఎంబీల అప్‌డేట్ దించుకుంటే ఆ నెల ప్యాకు హరీ. పైగా ఆ ఫోన్లలో నిల్వ చోటు 4 జీబీలే. బిడ్డ పెళ్లి ఫొటోలు తీసేసి కంపెనీ ఫైళ్లకు చోటివ్వమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది?

ఈ లెక్కంతా మొబైల్ దుకాణంలో ఒక్క మాటలో తేలిపోయేది. "ఇది మల్ల మల్ల అస్తంది తమ్మీ, జర బందు వెట్టు" అని ఫోను అందిస్తే, కౌంటర్ అవతలి కుర్రాడు చకచకా పని మొదలుపెడతాడు. సెట్టింగ్‌లలో ‘ఫోన్ గురించి’ తెరిచి, అడుగున ఉన్న ‘బిల్డ్ నంబర్’ మీద వరసగా ఏడుసార్లు నొక్కుతాడు. ఇంకా ఇన్ని నొక్కులు మిగిలాయని తెర మధ్యలో లెక్క చెబుతుంది. ఏడోది పూర్తవగానే మీరు డెవలపర్ అయ్యారని ప్రకటిస్తుంది. 2012 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2తో గూగుల్ ఈ మెనూను ఏడు నొక్కుల వెనక దాచింది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కోసం పెట్టిన తలుపు మన ఊళ్లలో విసుగు తీర్చుకునే తలుపైంది. ఆ మెనూలో ‘ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్‌లు’ అన్న మీటను కట్టేసి, "ఇగ రాదు అవ్వా" అని ఫోను చేతిలో పెడతాడు.

వారానికి అది మళ్లీ వస్తుంది. ఎందుకంటే ఆ మీట ఆపేది కబురును కాదు. ఫోను ఆపి తెరిచినప్పుడు, దిగి ఉన్న అప్‌డేట్ దానంతటదే ఎక్కకుండా మాత్రమే చూస్తుంది. కబురును ఆపే చోటు వేరే. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్ తన నోటిఫికేషన్లను రకాలుగా విడదీసి చూపిస్తోంది. యాప్‌ల జాబితాలో గూగుల్ ప్లే సర్వీసెస్ తెరిచి, నోటిఫికేషన్లలో సిస్టమ్ అప్‌డేట్‌కు సంబంధించిన రకాన్ని ఆపితే చాలా ఫోన్లలో మోత తగ్గుతుంది. కొన్నింటిలో ఆ మీట కదలదు. కొన్ని కంపెనీలకు అప్‌డేట్ల కోసం సొంత యాపే ఉంటుంది. శాంసంగ్‌లో అయితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీలోనే వైఫై మీద దానంతటదే దిగడాన్ని ఆపుకోవచ్చు. ఇంతా చేసి డెవలపర్ మెనూను తెరిచి ఉంచేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోనని మొరాయిస్తాయి.

ఈ చరిత్రలో ఎక్కువగా తారుమారైంది ఇక్కడే. కబురు ఆపుకోవడం వేరు, అప్‌డేట్ ఆపుకోవడం వేరు. వేళగాని వేళ మోగే కబురును ఆపుకునే హక్కు ఫోను కొన్న మనిషిది. అందులో తప్పేమీ లేదు. రెండోది మాత్రం ఉట్టినే పోదు, దానికి వెల ఉంది.

ఆ వెల ఎంతో తెలుగునేల 2017 మే నెలలో చూసింది. వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్న యంత్రాలు ఆ దారిన వచ్చిన దెబ్బను తప్పించుకున్నాయి. ఆండ్రాయిడ్‌కు అలాంటి భయం 2015లోనే పట్టుకుంది. ఒక్క ఎంఎంఎస్‌తో ఫోనులోకి దూరగల స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడ్డాక, ఆ ఆగస్టు నుంచి గూగుల్ నెలనెలా భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కబుర్లు అంత తరచుగా వస్తుండడానికి అదొక కారణం.

ఇంకో ఉదంతంలో మన లిపే ప్రపంచ వార్త అయింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేసింది. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేకమైన కూర్పులో, ఞ వత్తుకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని ఒక గుర్తుతో పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది, తెరిస్తే మళ్లీ మూతపడేది. తెలుగు రానివాళ్లు కూడా ఆ అక్షరాన్ని ఆకతాయితనంగా ఒకరికొకరు పంపుకున్నారు. తప్పు అక్షరానిది కాదు, దాన్ని కూర్చి చూపించలేని సాఫ్ట్‌వేరుది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దింది. ఒక తెలుగు గుణింతం కోసం లోకమంతటి ఐఫోన్లూ కొత్త కూర్పు దించుకున్న సందర్భం అది.

అప్‌డేట్ పేరు చెప్పుకుని మోసం చేసేవాళ్లు తర్వాత బయల్దేరారు. రైతుల పథకమని, బ్యాంకు యాప్ కొత్త కూర్పని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, దాన్ని నొక్కినవాళ్ల ఖాతాలు ఊడ్చేస్తున్నారు. అసలైన సిస్టమ్ అప్‌డేట్ ఏనాడూ వాట్సాప్ లింకుగా రాదు. అది సెట్టింగ్‌లలోనే ఉంటుంది, అక్కడే వెతుక్కోవాలి. డబ్బు పోతే వెంటనే పిలవాల్సిన నంబరు 1930.

కొన్ని కబుర్లను ఆపకూడదన్న సంగతి మాన్వాడ కింది ఊళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2016 గండి నాడు ఊళ్లను కదిలించాలంటే మనుషులు పోయి చెప్పాల్సిందే. తర్వాత ఆ జలాశయం నిండింది. మండలంలోని కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి ముంపు ఊళ్లయ్యాయి. 2023లో టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి దేశమంతా ఫోన్లకు పరీక్షగా అత్యవసర హెచ్చరికలు పంపాయి. సైలెంట్‌లో ఉన్న ఫోన్లు కూడా ఒక్కసారిగా గట్టిగా అరిచేసరికి చాలామంది హడలిపోయారు. ఊరందరికీ ఒకేసారి వినిపించే దండోరా అలా మళ్లీ వచ్చింది, ఈసారి జేబులోకి. అప్‌డేట్ కబుర్లతో విసిగి అన్నింటినీ మూకుమ్మడిగా కట్టేసేవాళ్లు ఈ ఒక్క మీట జోలికి పోకపోవడం మంచిది. అది అత్యవసర హెచ్చరికల పేరుతో సెట్టింగ్‌లలో విడిగా ఉంటుంది.

గల్ఫ్ కుటుంబాలను అప్‌డేట్ చివరికి వేరే దారిన పట్టుకుంది. కొడుకు కొత్త ఫోను కొనుక్కుంటే పాతది ఇంట్లో అమ్మకు చేరడం ఈ ప్రాంతంలో మామూలే. గల్ఫ్‌లో కొన్ని దేశాలు వాట్సాప్ కాల్స్‌కు వీల్లేకుండా చేయడంతో ముఖాలు చూసుకోవడానికి ఐమో యాప్, మాట రికార్డు చేసి పంపుకోవడానికి వాట్సాప్ నడిచాయి. 2020 ఫిబ్రవరి 1న ఆండ్రాయిడ్ 2.3.7, అంతకు ముందటి కూర్పుల మీద వాట్సాప్ ఆగిపోయింది. 2021 నవంబరు 1న 4.0.4 దాకా ఉన్నవాటికి అదే గతి పట్టింది. వాటిలో చాలా ఫోన్లకు కొత్త కూర్పు ఇవ్వడం కంపెనీలే ఎప్పుడో మానేశాయి. కబురును నెట్టేసినందుకు కాదు, కబురే రానందుకు అవి ఆగిపోయాయి. ఫోను బాగానే ఉన్నా కొడుకు గొంతు వినిపించని ఆ ఇళ్లకు, సెలవు మీద వచ్చే ఊరివాళ్ల సామానులో ఇంకో ఫోను పంపించాల్సి వచ్చింది.