అమ్వాస్ ప్లేగు: కొండలెక్కిన ప్రజలు

హిజ్రీ 18వ సంవత్సరం, అంటే క్రీ.శ. 639. పాలస్తీనాలోని అమ్వాస్ పేరు మీద చరిత్రకెక్కిన ప్లేగు షామ్ దేశాన్ని చుట్టుముట్టింది. షామ్‌కు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ వద్ద ఆ వార్త విని, సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. దైవవిధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవవిధి నుండి మరో దైవవిధి వైపుకే పోతున్నామని బదులిచ్చారు. ప్లేగు ఉన్న చోటికి వెళ్ళరాదని, ఉన్న చోట వస్తే పారిపోరాదని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతిని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అక్కడే తెలియజేశారు.

మన ప్రసంగాలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. మరి షామ్‌లో మిగిలిన ప్రజల మాటేమిటి? అబూ ఉబైదా (రజి) వారిని విడిచి రాలేదు. ఆ వ్యాధితోనే మరణించారు. ఆయన తరువాత హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా. పిమ్మట బాధ్యత వహించిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి), ఈ వ్యాధి నిప్పులా రగులుకుంటుందని హెచ్చరించి, కొండలకు తరలిపొమ్మన్నారు. ఆక్షేపించినవారూ లేకపోలేదు. అయినా ప్రజలు ఇళ్ళు విడిచి, గుంపులు వీడి, కొండలలో చెదిరి నివసించారు. ఇది నిషిద్ధమైన పలాయనం కాదా? కాదనే నా అభిప్రాయం. వారు పరుల పట్టణాలలోకి వ్యాధిని మోసుకుపోలేదు. ఒకరికొకరు ఎడమయ్యారు, అంతే. అల్లాహ్ ఆ విపత్తును తొలగించాడు. విషయం తెలిసిన ఉమర్ (రజి) ఆ పనిని తప్పుపట్టలేదని చరిత్రకారులు రాశారు.